స్టూలు నుంచి నంబరు వేసిన ఎడిషన్ దాకా: ఫర్నిచర్ డిజైనర్‌గా నిలదొక్కుకునే దారి

ఇంటీరియర్ డిజైనర్ గదిని చూసి కుర్చీని ఎంచుకుంటాడు. వడ్రంగి ఇచ్చిన కొలతకు కుర్చీ చేస్తాడు. ఈ ఇద్దరి మధ్య ఉన్న చోటు ఫర్నిచర్ డిజైనర్‌ది. రూపాన్ని శిల్పిలా తనే వెతుక్కోవాలి, అది పదేళ్లు మనుషుల బరువు మోసేలా కూడా తనే చూసుకోవాలి. అమెరికన్ ఫర్నిచర్ డిజైనర్ జార్జ్ నకాషిమా ఈ చోటునే ఎంచుకున్నాడు. ఆర్కిటెక్చర్ చదివిన ఆయన 1930ల చివర్లో పుదుచ్చేరి అరవిందాశ్రమంలో గోల్కొండ్ వసతి గృహం కట్టించే పనిలో ఉన్నాడు. హైదరాబాద్ నిజాం విరాళంతో కట్టారు కాబట్టి ఆ భవనానికి ఆ పేరు. తర్వాత అమెరికాలో సొంత వర్క్‌షాప్ పెట్టుకుని, 1964లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ)కి వచ్చి ఇక్కడా ఫర్నిచర్ డిజైన్ చేశాడు.

చదువు సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. ఎన్‌ఐడీలో ఫర్నిచర్, ఇంటీరియర్ డిజైన్ మాస్టర్స్ ఉంది, ఆ సంస్థ ప్రవేశ పరీక్ష డాట్ (డిజైన్ ఆప్టిట్యూడ్ టెస్ట్) రాసి చేరాలి. ఆర్కిటెక్చర్ చేసినవాళ్లూ, బీఎఫ్‌ఏలో శిల్పం చేసినవాళ్లూ ఈ వృత్తిలోకి వస్తుంటారు. ఏ దారిన వచ్చినా కనీసం ఆరు నెలలు వడ్రంగి వర్క్‌షాప్‌లో కూర్చుని ఉలి నూరడం, చిత్రిక పట్టడం, కుసి (బెజ్జంలో దూరే కర్ర కొన) తీయడం నేర్చుకోవాలి. ఆ ఆరు నెలలు లేని డిజైనర్ గీసిన డ్రాయింగ్‌ను మేస్త్రీ తనకు వీలైనట్టు మార్చేస్తాడు. వస్తువు చేతికొచ్చాక గానీ ఆ మార్పు కనిపించదు.

మొదటి వస్తువు: స్టూలు

కుర్చీతో మొదలుపెట్టొద్దు. కుర్చీలో వీపు కోణం, చేతుల ఎత్తు, వెనక కాళ్ల వంపు అన్నీ ఒకేసారి మీద పడతాయి. స్టూలులో సీటు, నాలుగు కాళ్లు, వాటి మధ్య అడ్డకర్రలే. అయినా తప్పు ఎక్కడున్నా బయటపడుతుంది.

కూర్చునే ఎత్తు 450 మి.మీ., సీటు మందం 38 మి.మీ. పెట్టుకోండి. కాళ్లు బయటికి 10 డిగ్రీల వాలులో ఉండాలి. పాదం సీటు అంచుకు నేరుగా కిందికి, లేదా కాస్త బయటికి రావాలి. లోపలికి ఉంటే అంచు మీద కూర్చున్న మనిషితో సహా స్టూలు ఒరిగిపోతుంది. కాలి పైకొనను 25 మి.మీ. గుండ్రటి కుసిగా తీసి, సీటును పూర్తిగా తొలిచిన బెజ్జంలోంచి పైకి తెచ్చి, పైనుంచి చీలిక కొట్టి బిగించాలి.

ఆ చీలిక సీటు నారకు అడ్డంగా పడాలి. నార వెంట కొడితే చీలిక నెట్టే బలం బెజ్జాన్ని నార మధ్య విడదీస్తుంది, సీటు అక్కడే పగులుతుంది. కొన్నిసార్లు కొట్టిన రోజు బాగానే ఉండి, ఎండాకాలంలో విచ్చుకుంటుంది. కాళ్ల కర్ర సీటు కర్ర కన్నా కాస్త పొడిగా ఉండటం ఇంకా మంచిది. బిగించాక కుసి తేమ పీల్చి ఉబ్బుతుంది, జాయింట్ గట్టిపడుతుంది. రివర్స్‌లో చేస్తే ఏడాదికే కాలు కదులుతుంది.

కంప్యూటర్ డ్రాయింగ్ ఎంత బాగున్నా, వర్క్‌షాప్‌కు మాత్రం ప్లైవుడ్ షీటు మీద అసలు సైజులో గీసింది, 6 మి.మీ. ఎండీఎఫ్‌ (చెక్కపొడి నొక్కి చేసిన పలక)లో కోసిన టెంప్లేట్లు తీసుకెళ్లండి. మేస్త్రీ అంగుళాల్లో ఆలోచిస్తే డ్రాయింగ్ మీద రెండు కొలతలూ రాయండి. ఎక్కడ మార్చుకోవచ్చో, ఎక్కడ అర మిల్లీమీటరు కూడా మారకూడదో ఎర్ర పెన్సిల్‌తో గుర్తుపెట్టండి. ఆయన "ఇది నిలబడదు సార్" అంటే పని ఆపి వినండి. చాలాసార్లు ఆయన చెప్పేది నిజమే అవుతుంది.

కర్ర దగ్గర తప్పులు

తేమ కొలిచే మీటరు రెండు మూడు వేలకు దొరుకుతుంది. అది లేకుండా అడితికి వెళ్లొద్దు. పైపైన కొలిస్తే పొడిగానే చూపిస్తుంది, అందుకే చెక్క చివర ఒక ముక్క కోయించి కొత్త ముఖం మీద గుచ్చి చూడండి. మన దగ్గర 10 నుంచి 12 శాతం బాగుంటుంది. రోజంతా ఏసీ నడిచే ఇంటికైతే 8కి దగ్గరగా ఉండాలి. చేవ ఉన్న టేకే తీసుకోండి. చిన్న వయసులో నరికిన తోట టేకులో తెల్లకట్టె ఎక్కువ. దాన్ని పురుగు తొలుస్తుంది, కిందంతా సన్నటి పిండి రాలుతుంది.

టేకు తక్కువ కదిలే కర్ర అంటారు, నిజమే. కానీ అసలు కదలదని కాదు. 760 మి.మీ. వెడల్పున్న బల్ల పలక 12 శాతం తేమ నుంచి 8కి ఆరితే అడ్డంగా దాదాపు 6 మి.మీ. కుంచించుకుంటుంది. ఆ పలకను చట్రానికి నాలుగు వైపులా గమ్ముతో, స్క్రూలతో బిగించేస్తే నడిమిట్లో చీలుతుంది. చట్రం లోపలి వైపు గాడి తీసి ఆ గాడిలో జరగగలిగే చిన్న చెక్క ముక్కలతో (బటన్లు) పట్టి ఉంచితే పలక తన మానాన కదులుతుంది. పాత పగులు ఉన్న చెక్కను నకాషిమా పారేయలేదు. పగులుకు అడ్డంగా సీతాకోకచిలుక ఆకారపు చెక్క ముక్క దించి దాన్ని అందంగా మార్చాడు. ఆ ముక్క నార పగులుకు అడ్డంగా ఉండాలి. పగులు వెంట ఉంటే అది అలంకారానికే పనికొస్తుంది.

టేకులో సహజంగా ఉండే నూనె గమ్మును పట్టనివ్వదు. అతికించే ముందు జాయింట్ ముఖాలను ఎసిటోన్‌తో తుడిచి, ఆరగానే గమ్ము రాసి బిగించాలి. ఈ కర్రలోని సిలికా బ్లేడ్ల పదును తొందరగా తినేస్తుంది కాబట్టి కార్బైడ్ బ్లేడ్లు వాడండి. టేకు పొడి కొందరికి దద్దుర్లు, ఆయాసం తెస్తుంది, మాస్క్ తప్పనిసరి.

కుర్చీకి వచ్చేసరికి కర్ర ఖర్చు మొత్తం వెనక కాలి వంపు మీద ఆధారపడుతుంది. 900 మి.మీ. పొడవు, 45 మి.మీ. వెడల్పున్న వంపు కాలు కోయాలంటే 110 మి.మీ. వెడల్పు చెక్క కావాలి. నాలుగు కుర్చీలకు ఎనిమిది కాళ్లు విడివిడిగా కోస్తే 880 మి.మీ. వెడల్పు కర్ర పడుతుంది. ముందు గీత, వెనక గీత సమాంతరంగా ఉండేలా వంపు గీస్తే కాళ్లు ఒకదాన్లో ఒకటి ఒదుగుతాయి. మొదటి కాలికి 110 మి.మీ., మిగతా ఏడింటికి రంపం కోత కలుపుకుని 50 మి.మీ. చొప్పున, మొత్తం 460 మి.మీ. చాలు. అయితే వంపు మరీ ఎక్కువైతే నార అక్కడ తెగిపోయి, మనిషి వెనక్కి వాలినప్పుడు కాలు ఆ వంపు దగ్గరే విరుగుతుంది.

ఏటికొప్పాకతో పని చేయాలంటే

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక లక్క పనికి 2017లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఫర్నిచర్ డిజైనర్‌కు ఇదొక నిధి. లేత్ మీద తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క కడ్డీని అదిమితే రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల రంగులు గదిలో ఇంకే రంగుకూ లేని వెచ్చదనంతో కనిపిస్తాయి.

దాని హద్దులు తెలిసి గీయాలి. అంకుడు సన్నటి కర్ర, పెద్ద వ్యాసం దొరకదు. కుర్చీ కాలు దాంతో చేయించాలనుకుంటే ముక్కలుగా తిప్పించి, లోపల బరువు మోసే టేకు కడ్డీకో ఇనుప రాడ్‌కో తొడగండి. సొరుగు పిడులు, వీపు కడ్డీలు, దీపం స్తంభాలకు ఈ పని బాగా నప్పుతుంది. బల్ల పైభాగానికి మాత్రం వద్దు. వేడి టీ గ్లాసుకు లక్క మెత్తబడి మచ్చ పడుతుంది, శానిటైజర్‌లోని స్పిరిట్‌కు కరుగుతుంది. రంగు ఒక దఫాకూ ఇంకో దఫాకూ తేడా వస్తుంది కాబట్టి ఒప్పుకున్న నమూనా పుల్లను ఇద్దరి దగ్గరా ఉంచుకుని, మొత్తం ఒకే దఫాలో, పది శాతం అదనంగా చేయించండి. వస్తువు కార్డు మీద తిప్పిన కళాకారుడి పేరు మీ పేరు పక్కనే ఉండాలి. కొండపల్లి పొణికి కర్ర మాత్రం బొమ్మలకే. బరువు మోసే చోట వాడొద్దు.

ధర, హక్కులు

ఉదాహరణకు ఒక కుర్చీ లెక్క వేద్దాం. కర్ర రూ. 4,500, ఐదు రోజుల పని రూ. 7,500, పాలిష్, హార్డ్‌వేర్ రూ. 1,500, వర్క్‌షాప్ అద్దె, కరెంటు వాటా రూ. 3,000. మొత్తం రూ. 16,500. కొత్తవాళ్లు ఇక్కడే ఆగిపోయి కొంచెం లాభం కలిపి అమ్మేస్తారు. నమూనాలకు రూ. 90,000 అయి, 15 కుర్చీలు అమ్ముతారనుకుంటే ఒక్కోదానికి రూ. 6,000 చేరాలి. అప్పుడు ఖర్చు రూ. 22,500. దాని మీద 20 శాతం వేస్తే రూ. 27,000. గ్యాలరీ 40 శాతం తీసుకుంటే షోరూమ్ ధర రూ. 45,000 ఉండాలి. మీరు నేరుగా అమ్మినా అదే ధరకు అమ్మాలి, లేదంటే గ్యాలరీ మళ్లీ పిలవదు. ఆర్డర్‌తో సగం అడ్వాన్స్, పాలిష్‌కు ముందు చూపించి 40 శాతం, డెలివరీ రోజు మిగతాది తీసుకోండి.

విదేశాలకు పంపాలనుకుంటే జిట్రేగి (రోజ్‌వుడ్) వాడకముందే ఆలోచించండి. ఆ జాతి కర్రలన్నీ 2017 నుంచి సైటీస్ (అరుదైన జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) జాబితాలో ఉన్నాయి, చాలా సందర్భాల్లో అనుమతి పత్రాలు లేకుండా కదలవు.

డిజైన్ రిజిస్ట్రేషన్ విషయంలో చాలామంది చేతులారా హక్కు పోగొట్టుకుంటున్నారు. 2000 నాటి డిజైన్ల చట్టం కింద హక్కు పదేళ్లు ఉంటుంది, మరో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. వ్యక్తిగా దాఖలు చేస్తే ఫీజు రూ. 1,000. కానీ దరఖాస్తుకు ముందే ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో పెడితే డిజైన్ కొత్తదన్న అర్హత పోతుంది. రిజిస్టర్ చేయకుండా యంత్రాల మీద 50కి మించి కాపీలు తీస్తే దాని మీద కాపీరైట్ కూడా ఆగిపోతుంది. అందుకే ముందు దరఖాస్తు, తర్వాత ఫొటోలు. ఎడిషన్ 8 అని, అంటే ఆ డిజైన్‌లో ఎనిమిదే చేస్తానని, ప్రకటిస్తే తొమ్మిదోది చేయకూడదు. ప్రతి ముక్క సీటు కింద నంబరు, ఏడాది, కర్ర పేరు, వాడిన పాలిష్ కాల్చి ముద్ర వేయండి. ఇరవై ఏళ్ల తర్వాత రిపేరు చేసే మేస్త్రీకి ఏ కర్ర, ఏ పాలిష్ వాడాలో తెలుస్తుంది.