గుడ్డ డోర్ స్టాపర్: జారితే, ఇసుక రాలితే, చెమ్మగిల్లితే

మధ్యాహ్నం సముద్రపు గాలి లేచిందంటే విశాఖలో తలుపులు ధడాల్‌ధడాల్‌మని కొట్టుకుంటాయి. ఇంట్లో కుట్టుకున్న ఇసుక స్టాపర్ ఆపలేకపోతుంటే ముందు దాన్ని తిరగేసి అడుగు చూడండి. ఆ పని మానేసి అందరూ ఇంకాస్త ఇసుక కూరుతుంటారు.

తలుపుతో పాటే జారుతోంది
ఎక్కువసార్లు తప్పు బరువుది కాదు. బిగించి నింపడంతో అడుగు గుండ్రమై, నేలకు ఆనే చోటు తగ్గిపోతుంది. అర గ్లాసు ఇసుక తీసేసి, నేలమీద తట్టి చదును చేయండి. పడగ్గది తలుపుకి రెండు కిలోలు చాలు, అంటే సుమారు లీటరుంపావు పొడి ఇసుక. టైల్స్ మరీ నున్నగా ఉంటే అడుగున యాంటీ స్కిడ్ మ్యాట్ ముక్క వేసి కుట్టండి. కింద దుమ్ముంటే అదీ పట్టదు, తుడవండి.

కుట్లలోంచి ఇసుక రాలుతోంది
పై సంచిలో నేరుగా పోసి ఉంటారు. లోపల వేరే సంచి ఉండాల్సిందే. పై సంచి జీన్స్ గుడ్డయితే 16 నంబరు సూది, రెండు మిల్లీమీటర్ల కుట్టు, పక్కపక్కనే రెండు వరసలు.

అడుగున చెమ్మ, ముక్కవాసన, నల్లటి బూజు చుక్కలు
అందరూ నేల తుడిచిన తడి అనుకుంటారు. ఆ తడైతే సాయంత్రానికి ఆరిపోవాలి. తుడవని రోజు కూడా, అందులోనూ మబ్బు పట్టినప్పుడు చెమ్మ ఎక్కువైతే అది బీచ్ ఇసుకే.

ఆ ఇసుకలో ఉప్పుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు నీరు లాగుతుంది. సముద్రపు ఉప్పులోని మెగ్నీషియం క్లోరైడ్‌కి అంత తేమ కూడా అక్కర్లేదు. వానాకాలంలో వంటింటి ఉప్పు డబ్బాలో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. ఎండబెడితే ఇసుక గలగలలాడుతుంది, బాగైపోయిందనిపిస్తుంది. మోసమంతా అక్కడే ఉంది: ఎండకి నీరు పోతుంది గానీ ఉప్పు పోదు. మళ్లీ సంచిలో పోస్తే మళ్లీ చెమ్మే.

అనుమానముంటే గుప్పెడు ఇసుకని కప్పు మంచినీళ్లలో కలిపి అరగంట ఉంచండి. పైన తేరిన నీటిని స్టీలు పళ్లెంలో పోసి ఎండబెట్టండి. ఇసుక కలపని అవే నీళ్లు అంతే కొలతలో ఇంకో పళ్లెంలో పోసి పక్కన పెట్టండి, ఎందుకంటే వాటికీ కొంత తెల్లమరక ఉంటుంది. ఇసుక నీటి పళ్లెంలో పొర స్పష్టంగా మందంగా ఉంటే ఉప్పున్నట్టే.

అదే ఇసుక వాడాలంటే బకెట్లో నాలుగైదు నీళ్లు మార్చి కడగండి, ప్రతిసారీ అడుగుదాకా కలియబెట్టి నీరు వంపేయండి. రెండు ఎండలు పూర్తిగా ఆరనిచ్చి మందపాటి పాలిథిన్ కవర్లో గాలి తీసి మూతి బిగించండి. కట్టుబడి సామాన్ల కొట్లో నది ఇసుక అడిగి తెచ్చుకుంటే సగం పని తప్పుతుంది. బూజు పట్టిన పై సంచిని వేడినీళ్లలో సబ్బుతో ఉతికి ఎండేయాలి.

బియ్యం, పప్పులు పోస్తే పురుగు పడుతుంది. ఇనప ముక్కలు తుప్పు మరక చేస్తాయి. రెండూ వద్దు.

నింపిన నోరు మెషిన్‌తో మూసేయకండి. ఉతకాల్సినప్పుడు తేలిగ్గా విప్పుకునేలా చేత్తో పొడుగు కుట్లు వేయండి.