కళ్లు ఎందుకు మసకగా వచ్చాయి: డీఎస్ఎల్ఆర్‌లో ఒక కారణం, మిర్రర్‌లెస్‌లో ఇంకో కారణం

పెళ్లి ఫొటోలు సిస్టమ్‌లో వేసి జూమ్ చేస్తే బాసికం మీది పూసలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంటాయి. పెళ్లికూతురి కళ్లు మాత్రం మసకగా ఉంటాయి. కెమెరా వెనక చిన్న స్క్రీన్‌లో ఈ తేడా తెలియదు. ఇంటికొచ్చాక తెలుస్తుంది, అప్పటికి ముహూర్తం దాటిపోయి ఉంటుంది. జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టించలేం.

చాలా ఏళ్లు డీఎస్ఎల్ఆర్‌తో (లోపల అద్దం ఉండే కెమెరా) తీసి, తర్వాత అద్దం లేని మిర్రర్‌లెస్‌కి మారాను. కళ్లు మసకబారడం రెండింటిలోనూ చూశాను. చూడ్డానికి ఒకేలా ఉంటుంది కానీ కారణాలు వేరు. ఒకదానికి పనిచేసే వైద్యం రెండోదానికి పనిచేయదు.

ముందు ఇది తేల్చుకోండి: తప్పు ఫోకస్‌దేనా?

ఫొటోలో ఏదో ఒకటి, చెవి కమ్మో, జడలో పువ్వో, వెనకాల కూర్చున్న మేనత్తో, షార్ప్‌గా ఉంటే అది ఫోకస్ తప్పు. ఎక్కడా ఏదీ షార్ప్‌గా లేదు, మెరుపులన్నీ గీతల్లా సాగి ఉన్నాయి అంటే చెయ్యి కదిలింది. ముఖం ఒక్కటే సాగి, మండపం స్తంభాలు బాగానే ఉంటే మనిషి కదిలారు. ఈ రెండింటికీ ఫోకస్ సెట్టింగులు ఎన్ని మార్చినా లాభం లేదు. 85 ఎంఎం లెన్స్‌తో 1/60 సెకను షట్టర్ స్పీడ్‌లో తీయకండి, కనీసం 1/200కి వెళ్లండి. తలంబ్రాల దగ్గర ఇంకా పైకి వెళ్లాలి. ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా సున్నితత్వం) పెరిగి కాస్త గ్రెయిన్ వస్తే రానివ్వండి. గ్రెయిన్‌ని తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిన కన్నుని బాగుచేయలేం.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోవాలి. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న కెమెరా) మీద 85 ఎంఎం, ఎఫ్ 1.8తో (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ కన్నం పెద్దదై, షార్ప్‌గా వచ్చే లోతు తగ్గుతుంది) రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషిని తీస్తే, స్పష్టంగా వచ్చే లోతు మొత్తం 6 సెంటీమీటర్లు. ఎఫ్ 1.4 పెట్టి మీటరున్నరకి వెళితే రెండున్నర సెంటీమీటర్లే. అంటే ముఖం కాస్త పక్కకి తిరిగి ఉంటే ఒక కన్నే షార్ప్‌గా వస్తుంది. అందులో కెమెరా తప్పేమీ లేదు. కెమెరాకి దగ్గరగా ఉన్న కన్ను షార్ప్‌గా ఉందో లేదో చూడండి, చాలు.

డీఎస్ఎల్ఆర్: బాసికం షార్ప్, కన్ను మసక

డీఎస్ఎల్ఆర్‌లో మీరు వ్యూఫైండర్‌లో చూస్తున్నంతసేపూ అసలు సెన్సర్ (బొమ్మ పడే చోటు) అద్దం వెనక చీకట్లో ఉంటుంది. అద్దం మధ్య భాగం నుంచి కొంత వెలుగు లోపలికి దిగి, వెనకున్న చిన్న అద్దం మీద పడి, కెమెరా అడుగున ఉన్న ఫోకస్ సెన్సర్‌కి చేరుతుంది. ఆ సెన్సర్ బొమ్మని చూడదు. కొన్ని చోట్ల (వీటినే ఫోకస్ పాయింట్లు అంటారు) వెలుగునీడల తేడా ఎంతుందో, రెండు వైపుల నుంచి వచ్చిన వెలుగు ఒకచోట కలుస్తోందో లేదో అంతవరకే కొలుస్తుంది. కన్ను అంటే ఏమిటో దానికి తెలియదు. మనం పాయింట్ల ఎంపిక కెమెరాకే వదిలేస్తే, దగ్గరగా ఉండి బాగా మెరిసేదాన్ని పట్టుకుంటుంది. పెళ్లిలో దగ్గరగా ఉండి మెరిసేవి బాసికం, పాపిట బిళ్ల, ముక్కుపుడక.

మందు తేలికే. ఆటో ఏరియా తీసేసి సింగిల్ పాయింట్ పెట్టండి. దాన్ని దగ్గరి కన్ను మీదకి జరపండి. కాటుక పెట్టిన కన్ను అయితే నలుపు తెలుపు తేడా ఎక్కువ, పాయింట్ బాగా పట్టుకుంటుంది.

కన్ను మీదే ఫోకస్ చేశాను, అయినా వెనక్కి పోయింది

ఇది నాకు జరిగింది. 50 ఎంఎం, ఎఫ్ 1.4. మధ్య పాయింట్‌తో కన్ను మీద లాక్ చేసి, తర్వాత కెమెరా కిందికి వంచి ఫ్రేమ్ సరిచేసి తీసేవాణ్ణి. ఆ రోజు అప్పగింతల్లో తీసిన ఫొటోల్లో సగానికి పైగా చెవులు షార్ప్, కళ్లు మసక. ఆ తల్లి ఏడుస్తూ కూతుర్ని పట్టుకున్న ఫొటో కూడా అందులోనే పోయింది. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కారణం లెక్కలో ఉంది. మీటరున్నర దూరంలో లాక్ చేసి కెమెరాని 15 డిగ్రీలు వంచితే ఫోకస్ తలం కన్ను వెనక్కి 5 సెంటీమీటర్లు జరుగుతుంది. ఆ ఎఫ్ నంబరుకి కంటికి వెనక, ముందు ఉండే వెసులుబాటు ఒక్కో వైపు నాలుగు సెంటీమీటర్ల లోపే. చెవి షార్ప్ అవడం వింత కాదు.

అందుకే పాయింట్‌నే జరపాలి, కెమెరాని కాదు. చాలా డీఎస్ఎల్ఆర్‌లలో పాయింట్లు ఫ్రేమ్ మధ్యలోనే గుంపుగా ఉంటాయి, అంచుల దాకా పోవు. కెనాన్ 6డిలో అయితే ఉన్నవే 11 పాయింట్లు, వాటిలో క్రాస్ టైప్ (అడ్డగీతలనీ నిలువుగీతలనీ రెండింటినీ పట్టేది) మధ్యది ఒక్కటే. అలాంటి బాడీ ఉంటే కన్నుని మధ్యలోనే ఉంచి, చుట్టూ కాస్త ఖాళీ వదిలి తీసి, తర్వాత క్రాప్ చేసుకోండి. లేదా ఎఫ్ 2.8కి వెళ్లండి. వ్యూఫైండర్‌లో షార్ప్‌గా కనిపించిందని నమ్మకండి. మామూలు ఫోకసింగ్ స్క్రీన్ ఎఫ్ 1.4 లోతుని సరిగా చూపించదు, అందులో అన్నీ కాస్త బాగానే కనిపిస్తాయి.

ప్రతిసారీ ఒకే వైపుకి తప్పుతోంది

ఎప్పుడు తీసినా ముక్కు షార్ప్, లేదా ఎప్పుడు తీసినా చెవి షార్ప్ అంటే బాడీకీ లెన్స్‌కీ కుదరలేదన్నమాట. ఫోకస్ కొలిచేది ఒక సెన్సర్, బొమ్మ పడేది ఇంకో సెన్సర్. రెండు దారుల పొడవులో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఫోకస్ ముందుకో వెనక్కో జరుగుతుంది.

నిర్ధారించుకోవడానికి ఏ షాపుకీ పోనక్కర్లేదు. కెమెరాని స్టాండ్ మీద పెట్టండి. ఒక న్యూస్‌పేపర్‌ని ఏటవాలుగా ఆనించి, మధ్య వరసలో ఒక అక్షరం మీద వ్యూఫైండర్‌తో ఫోకస్ చేసి తీయండి. అదే అక్షరం మీద లైవ్ వ్యూలో, అంటే వెనక స్క్రీన్‌లో చూస్తూ, ఇంకోటి తీయండి. లైవ్ వ్యూలో ఫోకస్ చూసేది అసలు సెన్సరే కాబట్టి అక్కడ ఈ తేడా రాదు. లైవ్ వ్యూ ఫొటో బాగుండి, వ్యూఫైండర్ ఫొటో తప్పితే సర్దుబాటు కావాలి. కెనాన్‌లో ఏఎఫ్ మైక్రో అడ్జస్ట్‌మెంట్, నికాన్‌లో ఏఎఫ్ ఫైన్ ట్యూన్. రెండింటిలోనూ మైనస్ 20 నుంచి ప్లస్ 20 దాకా ఉంటుంది. రెండేసి అంకెలు మారుస్తూ మళ్లీ మళ్లీ తీసి చూడండి. నికాన్ డి500, డి850లలో లైవ్ వ్యూ సాయంతో కెమెరానే ఆ అంకె కనిపెడుతుంది. కెనాన్ 1500డి, నికాన్ డి3500 లాంటి వాటిలో ఈ సెట్టింగే లేదు. వాటికి సర్వీస్ సెంటర్, లేదంటే లైవ్ వ్యూ.

డీఎస్ఎల్ఆర్‌లో కంటి ఫోకస్ అసలు లేదనడం కూడా సరికాదు. కెనాన్ 90డి, నికాన్ డి780లలో లైవ్ వ్యూ పెడితే కన్నుని గుర్తించి పట్టుకుంటాయి. కూర్చోబెట్టి తీసే పోర్ట్రెయిట్‌లకి నిస్సంకోచంగా వాడండి.

మిర్రర్‌లెస్: గడి అసలు కనిపించడం లేదు

మిర్రర్‌లెస్‌లో అద్దం లేదు. అసలు సెన్సర్ ఎప్పుడూ బొమ్మని చూస్తూనే ఉంటుంది, ఫోకస్ కొలిచేదీ అదే. అందుకే అది ముఖాన్ని వెతికి, అందులో కన్నుని వెతకగలదు. దొరికిన కన్ను మీద స్క్రీన్‌లో చిన్న గడి (చదరం) చూపిస్తుంది. పైన చెప్పిన ముందుకీ వెనక్కీ జరిగే బాధ ఇందులో దాదాపు ఉండదు.

గడి రాకపోతే ముందు ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) చూడండి. సెకండ్‌హ్యాండ్ బాడీ కొన్నవాళ్లు మరీ ముఖ్యంగా చూడాలి. నికాన్ జెడ్6, జెడ్7లు 2018లో వచ్చినప్పుడు కంటి ఫోకస్ లేదు, 2019 మేలో 2.00 వెర్షన్‌తో వచ్చింది. సోనీ ఏ7 మార్క్ 3లో కూడా 2019 ఏప్రిల్‌లో 3.00 వచ్చేదాకా కంటి ఫోకస్ కోసం వేరే బటన్ నొక్కి పట్టుకోవాల్సి వచ్చేది.

తర్వాత, గుర్తించేది మనిషినా జంతువునా అన్న సెట్టింగ్ చూడండి. ఫోకస్ ఏరియా చిన్న పాయింట్‌గా ఉంటే, దాని బయట ఉన్న ముఖాన్ని కెమెరా పట్టించుకోదు. ఏరియా పెద్దది చేయండి. ముఖం ఫ్రేమ్‌లో మరీ చిన్నగా ఉన్నా, వెనక వెలుతురుకి నల్లబడినా గడి రాదు.

గడి వచ్చింది కానీ పెళ్లికొడుకు మీద

మండపంలో పది ముఖాలుంటాయి. కెమెరాకి అన్నీ కళ్లే. ఎవరి కన్ను కావాలో చెప్పాల్సింది మనమే. ఏరియాని జోన్‌కి తగ్గించి పెళ్లికూతురి వైపు పెట్టండి. లేదా ట్రాకింగ్ పెట్టి ఆమె మీద మొదలుపెట్టండి. ఎడమ, కుడి కన్ను మార్చే పనిని ఒక బటన్‌కి ఇచ్చుకోండి, పక్కకి తిరిగిన ముఖాలకి పనికొస్తుంది.

అడ్డుతెర ఉన్నప్పుడు మాత్రం కంటి ఫోకస్‌ని నమ్ముకోకండి. తెర దించే క్షణానికి ముందే ఆ ముఖం దూరానికి ఫోకస్ చేసి, మాన్యువల్‌కి మార్చి ఉంచండి.

గడి కన్ను మీదే ఉంది, కన్ను మసక

గడి కనిపిస్తే కన్నుని గుర్తించిందని మాత్రమే అర్థం. సోనీలో తెల్ల గడి అంటే గుర్తించింది, ఆకుపచ్చ అయితేనే ఫోకస్ కుదిరింది. సింగిల్ ఏఎఫ్‌లో (ఒకసారి ఫోకస్ చేసి ఆగిపోయే ఆటోఫోకస్) లాక్ అయ్యాక మనిషి రెండు సెంటీమీటర్లు ఊగినా పోతుంది. ఆపకుండా ఫోకస్ సరిచేస్తూ ఉండే కంటిన్యువస్‌లో పెట్టండి. అందులో చాలా కెమెరాలు ఫోకస్ కుదరకపోయినా క్లిక్ అవుతాయి. మెనూలో ఫోకస్ ప్రయారిటీకి (ఫోకస్ కుదిరితేనే క్లిక్ అయ్యే సెట్టింగ్) మార్చండి. కళ్లజోడు ఫ్రేమ్‌నీ పొడవాటి రెప్పవెంట్రుకలనీ పట్టుకునే సందర్భాల్లో ఎఫ్ 2కి వెళ్లడమే మేలు.

తలంబ్రాలప్పుడు బియ్యం గింజల మీదకి ఫోకస్ ఎగిరిపోతుంటే, మధ్యలో అడ్డొచ్చినవాటికి కెమెరా ఎంత తొందరగా స్పందించాలో చెప్పే సెట్టింగ్ ఉంటుంది. నికాన్‌లో బ్లాక్డ్ షాట్ రెస్పాన్స్, కెనాన్‌లో ట్రాకింగ్ సెన్సిటివిటీ. దాన్ని నెమ్మది వైపుకి జరపండి. మంచి డీఎస్ఎల్ఆర్‌లలో కూడా ఇది ఉంది.

చీకట్లో వెతుక్కుంటూ తిరుగుతోంది

డీఎస్ఎల్ఆర్ నుంచి మారినవాళ్లందరికీ ఎదురయ్యేది ఇది. మన పాత ఫ్లాష్ చీకట్లో ముఖం మీద ఎర్ర గీతలు వేసేది, డీఎస్ఎల్ఆర్ వాటిని పట్టుకుని ఫోకస్ చేసేది. అదే ఫ్లాష్‌ని మిర్రర్‌లెస్ మీద పెడితే సాధారణంగా ఆ గీతలు రావు. ఫ్లాష్ పాడైందనుకుని రిపేర్‌కి తీసుకెళ్లకండి. ఇంకోటి, కొన్ని మిర్రర్‌లెస్‌లు మీరు పెట్టిన ఎఫ్ నంబరులోనే ఫోకస్ చేస్తాయి. ఎఫ్ 8 అయితే లోపలికి వచ్చే వెలుగే తక్కువ. చీకటి హాల్లో ఎఫ్ 4 లోపు ఉండండి. ఫ్లాష్‌తో తీసేటప్పుడు వ్యూఫైండర్‌లో ఎక్స్‌పోజర్ చూపించే సెట్టింగ్ ఆపేస్తే తెర నల్లబడకుండా గడి ఎవరి మీద ఉందో కనిపిస్తుంది. అప్పటికీ కుదరకపోతే వీడియో తీసే తమ్ముణ్ణి అడిగి అతని ఎల్ఈడీ లైట్‌ని తక్కువలో పెట్టించి, పక్క నుంచి ముఖం మీద పడేలా పట్టించండి.