రాత్రి కాళ్లు గుంజి నిద్ర పట్టట్లేదా? ముందు చాయ్ టైమ్ మార్చండి

పడుకున్న కాసేపటికే పిక్కల లోపల చీమలు పాకినట్టు అవుతుందా? కాళ్లు కదిపితే తప్ప ప్రాణం ఊరుకోదు, లేచి నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది, మళ్లీ నడుం వాల్చగానే మొదలు. డాక్టర్లు దీన్ని రెస్ట్‌లెస్ లెగ్స్ అంటారు. మన వరంగల్ వైపు "కాళ్లు గుంజుతున్నయ్" అనుకుని, పత్తి ఏరిన అలసటనో వయసు మీద పడిందనో వదిలేస్తారు. పిక్క పట్టేయడం వేరు, అందులో కండ బిగుసుకుపోయి గట్టిగా నొప్పి పెడుతుంది. ఇందులో కండ మెత్తగానే ఉంటుంది, కదపాలన్న ఆరాటమే ఆగదు.

నూనె మర్దన, వేడినీళ్లు ఆ పూటకు హాయినిస్తాయి, వాటి గురించి కింద చెప్తాను. కానీ చాలామందిలో అసలు సంగతి ఐరన్ తక్కువ కావడం. మెదడులో కదలికలను నడిపించే డోపమైన్ అనే రసాయనం సరిగ్గా పనిచేయాలంటే ఐరన్ కావాలి, ఆ డోపమైన్ సాయంత్రమయ్యేసరికి తగ్గుతుంది కాబట్టే ఈ బాధ రాత్రిళ్లు ఎక్కువ. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఒంట్లో నిల్వలు అడుగంటి ఉండొచ్చు, అందుకే ఫెరిటిన్ టెస్ట్ అడిగి చేయించుకోండి. రిపోర్టులో నార్మల్ అని రాసి ఉన్నా అంకె చూడండి, ఈ సమస్య ఉన్నవాళ్లకు 75 లేదా అంతకంటే తక్కువుంటే డాక్టర్లు ఐరన్ ఇచ్చి చూస్తారు. టెస్ట్ లేకుండా మెడికల్ షాపులో ఐరన్ గోలీలు కొని మింగడం మాత్రం వద్దు, ముఖ్యంగా ఇంట్లో థలసీమియా, సికిల్ సెల్ లాంటి రక్తపు జబ్బులు ఉన్నవాళ్లు. వాళ్లలో కొందరికి ఐరన్ ఎక్కువైపోయే ప్రమాదం ఉంటుంది.

ఇక తిండి. మాంసం తినేవాళ్లకు కార్జం, నల్ల (మేక రక్తం) మంచివి, అందులోని ఐరన్ ఒంటికి త్వరగా పడుతుంది. అయితే గర్భిణులు కార్జం ఎక్కువ తినకూడదు. తిననివాళ్లు సజ్జ రొట్టె, తోటకూర, పెసర్లు, నువ్వులు తింటూ పక్కన నిమ్మకాయ పిండుకోండి, సీజన్‌లో జామకాయ తినండి, విటమిన్ సి ఉంటేనే ఆకుకూరల్లో ఐరన్ బాగా లోపలికి వెళ్తుంది. బెల్లం తింటే రక్తం పడుతుందని పెద్దవాళ్లు అంటారు గానీ, దాని మీదే ఆధారపడితే సరిపోదు. అసలు ఇబ్బంది చాయ్‌తో. పొద్దున టిఫిన్‌తో ఒకటి, అన్నం తిన్న వెంటనే ఒకటి, సాయంత్రం ఇంకొకటి. తిండితో పాటు చాయ్ తాగితే అందులోని టానిన్లు ఐరన్‌ను పట్టేసుకుంటాయి, సాయంత్రం చాయ్‌లోని కెఫిన్ కొందరికి రాత్రి కాళ్లను ఇంకా రెచ్చగొడుతుంది. మానేయమని నేను అనను, తిండికీ చాయ్‌కీ కనీసం గంట ఎడం పెట్టండి, మధ్యాహ్నం తర్వాత తాగకండి. మందు, సిగరెట్ కూడా కొందరిలో దీన్ని పెంచుతాయి.

రాత్రి పడుకునే ముందు గోడకు రెండు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేల మీద నుంచి లేవకుండా ముందుకు వంగండి. పిక్క సాగుతున్నట్టు తెలియాలి. అలా అర నిమిషం ఉండి కాలు మార్చండి. తర్వాత గోరువెచ్చని నీళ్లతో స్నానం, లేదా మోకాళ్ల దాకా బకెట్లో కాళ్లు. షుగర్ ఉన్నవాళ్లు నీళ్ల వేడి చేత్తో చూసుకున్నాకే పెట్టాలి, కాళ్లకు స్పర్శ తెలియక కాలే అవకాశం ఉంది. ఆపైన నువ్వుల నూనె కొద్దిగా వేడిచేసి, చీలమండ నుంచి మోకాలి వైపు బొటనవేళ్లతో నెమ్మదిగా నొక్కుతూ పైకి వెళ్లండి. కొందరికి వేడి కంటే చల్లటి తడిగుడ్డే పనిచేస్తుంది, రెండూ చూడండి. రోజూ నడవడం మంచిదే, కానీ రాత్రి పొద్దుపోయాక జిమ్‌లో చెమటలు పట్టేలా చేస్తే ఎదురుతిరుగుతుంది. హైదరాబాద్ బస్సెక్కితే, మధ్యలో లేచి నాలుగడుగులు వేయడానికి వీలుగా నడవ పక్క సీటు తీసుకోండి.

ఇంకో విషయం, చాలామందికి తోచదు. నిద్ర తెప్పించే రకం జలుబు గోలీలు, కొన్ని వాంతుల మందులు, కొన్ని డిప్రెషన్ మందులు ఈ గుంజుడును పెంచుతాయి. డాక్టర్ రాసిన మందైతే సొంతంగా ఆపకండి, వెళ్లి అడగండి.

గర్భంతో ఉన్నవాళ్లలో కొందరికి చివరి నెలల్లో ఇది వస్తుంది, కాన్పు తర్వాత ఎక్కువమందికి తగ్గిపోతుంది, భయపడకండి, కానీ ఐరన్ గురించి డాక్టరమ్మను తప్పకుండా అడగండి. కిడ్నీ జబ్బు ఉన్నా, పగలు కూడా పాదాలు మంటలు, తిమ్మిర్లు ఉన్నా ఇంటి వైద్యంతో నెట్టుకురావద్దు. ఒక్క కాలే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అసలు రుద్దకండి, లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, అదే రోజు దవాఖానకు వెళ్లండి.