తిత్తి పాట రికార్డు చేసి స్వరం రాయడం ఎలా?

గుంటూరులో బ్యాగ్‌పైపు వాయించేవాడు ఒకడున్నాడంటే జనం ముందు నవ్వుతారు. పోలీసు బ్యాండులో చేసి రిటైరైన ఒకాయన దగ్గర పాత పైపు కొన్నాను. పదకొండేళ్లుగా బ్రాడీపేటలో మేడ మీద వాయిస్తూ, కింది వాటా వాళ్ల చేత తిట్లు తింటున్నాను. నవ్వాల్సినంత వింతేం కాదు. వీధినాటకాల వాళ్లు శ్రుతి కోసం చంకలో పెట్టుకునే మేకతోలు తిత్తి దీనికి దగ్గరి చుట్టమే. తోలు సంచి, దాంట్లో గాలి, సంచికి బిగించిన గొట్టం, గొట్టంలో గాలికి అదిరి మోగే పీక. తిత్తి శ్రుతి పట్టి ఊరుకుంటుంది. స్కాట్లాండ్ పైపుకి మూడు శ్రుతి గొట్టాలూ, పాట వాయించుకోవడానికి రంధ్రాలున్న గొట్టం ఒకటీ ఉంటాయి.

నాకీ పిచ్చి ఉందని తెలిశాక పాటలు పట్టుకుని వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. "మా అమ్మమ్మ పాడింది, నొటేషన్ రాసిపెట్టు అన్నా" అంటారు. ఫోన్ తెరిచి వింటే ఫ్యాను, కుక్కర్ విజిల్, మధ్యలో ఎవరో "ఆ స్టవ్ కట్టెయ్" అని కేక. అదైనా భరించొచ్చు. సొంతంగా రాసుకొచ్చిన వాళ్ల కాగితాలు చూస్తేనే నాకు బీపీ పెరుగుతుంది. పాట ఒకటి, రాసింది ఇంకొకటి. తప్పు ప్రతిసారీ ఒకే చోట జరుగుతుంది.

కావలసినవి

ఫోను, చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోను, కంప్యూటరు. అందులో రికార్డింగుని పరీక్షించడానికి ఆడాసిటీ, స్వరాలు రాయడానికి మ్యూజ్‌స్కోర్. రెండూ ఉచితమే. ఒక డబల్ రూల్ నోటు పుస్తకం, పెన్సిలు. పెన్నుతో రాయొద్దు.

రికార్డు చేయడం

ఫ్యాను ఆపండి. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. రికార్డింగ్ యాప్‌లో వేవ్ ఫార్మాట్ ఎంచుకోండి, ఎంపీ3 వద్దు. పాడే మనిషికి మూరెడు దూరంలో, తిత్తికి నాలుగు మూరల దూరంలో పెట్టండి. స్కాట్లాండ్ పైపైతే ఇంకా వెనక్కి జరగండి, దగ్గర నిలబడితే వంద డెసిబెల్స్ దాటి మోగుతుంది. యాప్‌లో శబ్దం ఎంతో చూపే గీత ఎరుపులోకి వెళ్లకూడదు. సిమెంటు గది కంటే చెట్టు కింద నయం. మిర్చి సీజన్లో యార్డు వైపు మాత్రం ఎవరినీ కూర్చోబెట్టకండి. ఒకసారి నేను ఆ పని చేశాను. రెండు చరణాలకు పద్దెనిమిది దగ్గులు వచ్చాయి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఫోన్లో చప్పుడు తగ్గించే ఆప్షన్ ఉంటుంది, దాన్ని ఆపేయండి. ఆ ఆప్షన్‌కి తెలిసిన సూత్రం ఒక్కటే: ఆగకుండా, మారకుండా మోగేది చప్పుడు. తిత్తి శ్రుతి చేసేది సరిగ్గా అదే. ఫ్యానుతో పాటు శ్రుతినీ మింగేస్తుంది. మీకు మిగిలేది గాల్లో వేలాడే గొంతు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపినా పాట నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమని చెప్పండి.

ఊదడం మొదలుపెట్టగానే రికార్డు చేయొద్దు. ఊపిరి వేడికి పైపు కొంతసేపు పైకి పాకుతూనే ఉంటుంది. పది, పదిహేను నిమిషాలు వాయించనిచ్చి అప్పుడు బటన్ నొక్కండి. పాట మొదలయ్యే ముందు పది సెకన్లు, అయ్యాక పది సెకన్లు శ్రుతి ఒక్కటే మోగనివ్వండి. ఈ ఇరవై సెకన్లే తర్వాత మిమ్మల్ని కాపాడతాయి.

‘స’ ఎక్కడుందో పట్టుకోవడం

అందరూ మునిగేది ఇక్కడే. నేనూ మునిగాను.

పొన్నూరు దగ్గర ఒక పెద్దాయన తిత్తి పట్టించుకుని పాడిన పాట రికార్డు చేశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో పెట్టి, అన్నిటికంటే ఎత్తుగా లేచిన స్వరం చూశాను. 444 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు). అంటే ఇంగ్లీషు వాళ్ల ‘ఏ’, మన హార్మోనియం లెక్కలో ఆరు శ్రుతి. ఇంకేముంది, అదే ‘స’ అనుకుని రెండు రాత్రులు కూర్చుని పాటంతా రాశాను. నెల తర్వాత వెళ్లి, నా పైపు మీద వాయించి వినిపించాను. ఆయన ఓపిగ్గా చివరిదాకా విని, బీడీ ఆర్పి, "బాగుంది బాబూ, ఎవరిదీ పాట?" అన్నాడు.

జరిగిందేమిటంటే, ఆ తిత్తి అసలు శ్రుతి 148 హెర్ట్జ్. రెండు శ్రుతి. ఏ పీక మోగినా ఒక్క స్వరమే రాదు. దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు అన్నీ కలిసి మోగుతాయి: 148, 296, 444, 592. రెట్టింపు పై స్థాయి ‘స’, దాంతో ఇబ్బంది లేదు. మూడింతలు మాత్రం ‘ప’. ఫోన్ మైకుకి కింది స్వరాలు సరిగా వినపడవు కాబట్టి కొన్నిసార్లు ఈ మూడోదే అందరికంటే ఎత్తుగా కనిపిస్తుంది. నేను ‘ప’ని పట్టుకుని ‘స’ అన్నాను.

‘ప’ని ‘స’ అంటే ఏమవుతుంది? పెద్దాయన పాడింది మోహన రాగం. స రి గ ప ద. అందులో ‘ప’ని ఆధారం చేసుకుంటే అవే స్వరాలు శుద్ధసావేరి రాగం అవుతాయి. గ్రహభేదం, అంటే స్వరాలు అవే ఉంచి ‘స’ చోటు మార్చడం, నేర్చుకున్న వాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. నేను వాయించిన ప్రతి స్వరమూ ఆయన పాడిందే. కింద మోగే శ్రుతి మాత్రం వేరు. దాంతో పాటంతా మారిపోయింది. స్కాట్లాండ్ వాళ్లు ‘డి’ ఆధారంగా ఉన్న పాటల్ని కూడా ‘ఏ’ శ్రుతి మీదే హాయిగా వాయిస్తారు, వాళ్ల చెవులు అలా అలవాటు పడ్డాయి. పొన్నూరు చెవి అలా వినదు.

కాబట్టి ఇలా చేయండి. ఆడాసిటీలో ఆ పది సెకన్ల శ్రుతి నుంచి మధ్యలో మూడు సెకన్లు ఎంచుకోండి. మొదలూ చివరా వద్దు, సంచిలో గాలి నిలకడగా లేనప్పుడు స్వరం జారుతుంది. ఎనలైజ్ మెనూలో ప్లాట్ స్పెక్ట్రమ్ నొక్కండి. అందులో సైజు అని ఉంటుంది, దాన్ని 65536 చేయండి. చిన్న సైజే ఉంచేశారంటే శ్రుతి దొరకదు. సెకనుకి 48,000 శాంపిళ్ల రికార్డింగులో 2048 పెడితే ఒక్కో మెట్టు 23 హెర్ట్జ్ వెడల్పు. 148 ప్రాంతంలో రెండు శ్రుతికీ రెండున్నర శ్రుతికీ మధ్య దూరమే సుమారు 9 హెర్ట్జ్. అంత ముతక జల్లెడతో సన్నబియ్యం జల్లించినట్టు ఉంటుంది.

ఇప్పుడు ఎత్తైన శిఖరాన్ని చూడకండి. నోటు పుస్తకంలో ఎడమ నుంచి కుడికి మొదటి ఆరు శిఖరాల అంకెలు రాసుకోండి. పక్కపక్క అంకెల మధ్య తేడా తీయండి. ఆ తేడా ఎంతో, ‘స’ అంత. మొదటి శిఖరం అసలు కనిపించకపోయినా తేడా అబద్ధం చెప్పదు. 296, 444, 592 అని ఉంటే తేడా 148. అంతే. నేను ఆ రోజు ఈ తీసివేత చేసి ఉంటే రెండు రాత్రులు నిద్రపోయేవాణ్ణి.

లెక్క అయ్యాక చెవితో సరిచూసుకోండి. హెడ్‌ఫోను పెట్టుకుని పల్లవి చివర పాట ఎక్కడ కూర్చుంటుందో వినండి. ఎక్కువ పాటలు ‘స’ మీదే కూర్చుంటాయి. లెక్క ఒక చోట, చెవి ఇంకో చోట చూపిస్తే ముందు లెక్క మళ్లీ చేయండి. అప్పటికీ కుదరకపోతే చెవి చెప్పిందే వినండి.

హార్మోనియం మెట్టు నొక్కి ‘స’ కనుక్కుంటాం అంటారు చాలామంది. వద్దంటాను. మెట్ల మధ్య పడే శ్రుతికి హార్మోనియంలో చోటు లేదు. స్కాట్లాండ్ పైపునే తీసుకోండి. కాగితం మీద దాని ‘స’ని ‘ఏ’ అని రాస్తారు. నిజానికి ఇప్పటి పైపులు దాదాపు 480 హెర్ట్జ్ దగ్గర మోగుతాయి. ‘ఏ’ 440 కదా, అది కాదు. ‘బి ఫ్లాట్’ 466, అదీ కాదు. ‘బి’ 494. మన పైపు ఆ రెంటికీ సరిగ్గా నడిమధ్యన, ఆరున్నరకీ ఏడుకీ మధ్య సందులో నిలబడి ఉంటుంది. రికార్డింగు నుంచి తనంతట తానే నొటేషన్ రాసే యాప్‌లకు దీన్ని ఇస్తే ఒక స్వరాన్ని కింది మెట్టుకీ, తర్వాతి దాన్ని పై మెట్టుకీ విసురుతాయి. పైగా ఆగకుండా మోగే శ్రుతిని కూడా పాటలో భాగం చేసి, ప్రతి గీత మీదా నల్ల చుక్కలు పోస్తాయి. అలాంటి యాప్‌లు వాడి నా దగ్గరికి రావద్దు.

సందులో పడ్డ శ్రుతికి మందు ఉంది. రికార్డింగుకి కాపీ తీయండి. అసలుది ముట్టుకోవద్దు. కాపీ మీద చేంజ్ పిచ్ తెరిచి 480 నుంచి 466కి దింపండి. ఇప్పుడు మీ హార్మోనియమో కీబోర్డో పక్కన పెట్టుకుని సరిచూసుకోవచ్చు. అప్పుడు కూడా గాంధారం, ధైవతం కొంచెం కిందికి వినిపిస్తాయి. పైపు తప్పు కాదది. దాని రంధ్రాలు శ్రుతితో కలిసి మోగేలా వేసినవి, కీబోర్డులా పన్నెండు సమాన ముక్కలు చేసినవి కావు. గాంధారం కీబోర్డు కంటే సుమారు 14 సెంట్లు కింద, అంటే ఒక మెట్టులో ఏడో వంతు. దాన్ని "సరిచేసే" ప్రయత్నం చేయకండి.

తిత్తి లేకుండా ఒట్టి గొంతుతో పాడింది అయితే పని ఇంకా కష్టం. పాడుతూ పాడుతూ మనిషి పైకో కిందికో వెళతాడు. మా జిల్లా బుర్రకథకి పెట్టింది పేరు, షేక్ నాజర్ పుట్టిన పొన్నెకల్లు ఇక్కడిదే. కథ యుద్ధం దగ్గరికి వచ్చేసరికి శ్రుతి మొదలైన చోట ఉండదని ఆ కథలు విన్నవాళ్లెవరైనా చెబుతారు. అలాంటప్పుడు ప్రతి చరణానికీ విడిగా ‘స’ తీయండి. కాగితం మీద మాత్రం ఒకే ‘స’తో రాయండి. చరణానికో మెట్టు మార్చి రాసినవాణ్ణి నేను చూశాను. అది చూసి పాడాలంటే భయమేస్తుంది.

రాయడం

ఇక్కణ్ణుంచి సులువే. చేంజ్ టెంపోతో పాటను సగం వేగానికి తగ్గించండి, స్వరం మారదు. ముందు నోటు పుస్తకంలో సరిగమలు రాయండి. కంప్యూటర్లో నేరుగా మొదలుపెడితే దాని అలవాట్లు మీ పాటకు అంటుకుంటాయి. నాలుగు దెబ్బల తాళం దానంతటదే వచ్చి కూర్చుంటుంది, మూడు దెబ్బల నడక ఉన్న పాటను మీరు అందులో ఇరికిస్తారు.

తర్వాత మ్యూజ్‌స్కోర్. పైపు కోసం రాస్తుంటే బ్యాగ్‌పైప్ వాయిద్యాన్ని ఎంచుకోండి. పైపు స్వరాలు తొమ్మిదే: కింద ఒక నిషాదం, ‘స’ నుంచి పై ‘స’ దాకా ఎనిమిది. ‘స’ నుంచి చూస్తే అచ్చం హరికాంభోజి రాగం, మన 28వ మేళకర్త (మూల రాగం). ఎవరో చెబితే నేనూ నమ్మలేదు, వాయించి చూసుకున్నాను. పాట మంద్ర పంచమం, అంటే కింది స్థాయి ‘ప’ దాకా దిగితే పైపుకి అందదు. అప్పుడే చాలామంది ‘ప’ని కింది ‘ఏ’ చేసి సర్దేస్తారు. అలా చేస్తే ఏమైందో పైన చెప్పాను.

పైపు ఊపిరి మధ్యలో ఆగదు కాబట్టి ఒకే స్వరం రెండుసార్లు రావాలంటే మధ్యలో చిటికెలాంటి చిన్న స్వరం వేలితో తగిలించాలి. మ్యూజ్‌స్కోర్‌లో వాటికి విడిగా ఒక పాలెట్ ఉంది. వీటిని గమకాలనుకుని సరదాకి చల్లేస్తారు కొందరు. గమకాలు కావవి. రెండు మాటల మధ్య ఖాళీ లాంటివి. అసలు స్వరాలన్నీ రాశాకే వేయండి.

సాహిత్యం కంట్రోల్, ఎల్ కలిపి నొక్కి ఎక్కించండి. స్పేస్ నొక్కితే తర్వాతి స్వరానికి వెళుతుంది. ‘అమ్మ’ని ‘అమ్’, ‘మ’ అని విడగొట్టకండి. పాడేటప్పుడు ‘అ’ ఒక స్వరం మీద, ‘మ్మ’ ఒక స్వరం మీద పలుకుతాం. ఒత్తు విడిపోయి పక్కన సున్నాల్లా కనిపిస్తే ఫాంటు నోటో సాన్స్ తెలుగుకి మార్చండి.

కాగితం పైన కుడి మూల పాడినవాళ్ల ఊరు, తేదీ, ‘స’ ఎన్ని హెర్ట్జ్ అన్నది రాయండి. పొన్నూరు పాట కాగితం మీద ఇప్పుడు "స = 148" అని ఉంది. దాన్ని మళ్లీ తీసుకెళ్లి, ఈసారి కింద సరైన శ్రుతి పట్టించి వాయించాను. పెద్దాయన రెండో చరణంలోనే అందుకుని పాడటం మొదలుపెట్టాడు. మూడో చరణం దగ్గర నేనొక స్వరం తప్పు రాశానని తేలింది. పెన్సిలుతో రాయమన్నది అందుకే.