తీర్మానాలకు ముక్కనుమ మర్నాడే మంచి ముహూర్తం

జనవరి 1న మొదలుపెట్టిన ఉదయపు నడక, కోనసీమలోనైనా భీమవరం వైపైనా, చాలామందికి భోగి మంటల వరకే సాగుతుంది; ఇంటినిండా చుట్టాలు, పళ్ళెంలో అరిసెలు, కనుమనాడు గారెలు ఉండగా నియమం తప్పడంలో వింతేమీ లేదు. అందుచేత తీర్మానం రోజుల లెక్కను ముక్కనుమ మర్నాటి నుంచి మొదలుపెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందితో చేసి 2009లో వెలువరించిన అధ్యయనంలో, ఒక పని అలవాటుగా స్థిరపడడానికి సుమారు 66 రోజులు పట్టిందని, మనిషినిబట్టి అది 18 నుంచి 254 రోజుల వరకు మారిందని తేలింది. ముక్కనుమ తరువాత 66 రోజులంటే మార్చి నాలుగో వారం, దాదాపు ఉగాది.

‘రోజూ నడుస్తాను’ అని ఊరకే అనుకోకుండా, ‘కాఫీ తాగిన వెంటనే కాలువ గట్టు మీదుగా లాకుల దాకా వెళ్ళి వస్తాను’ అని, ఇప్పటికే తప్పకుండా చేస్తున్న ఒక పనికి కొత్త పనిని ముడిపెట్టండి. (దాళ్వా, అంటే రెండో పంట వరి, నాట్లలో మునిగివున్న రైతుకు వేరే నడక ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే, ఆయన మరో లక్ష్యం చూసుకోవచ్చు.) మధ్యలో ఒక రోజు తప్పితే మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టనక్కరలేదు, ఒక్క రోజు లోపం వల్ల అలవాటు ఏర్పడడం పెద్దగా దెబ్బతినలేదని కూడా ఆ అధ్యయనమే గమనించింది.