ఫ్రెండ్లీ స్కేల్ పోటీకి మొదటిసారి వస్తున్నారా, పుష్పక్ కట్టండి

స్కేల్ పోటీ అంటే ఒక అసలు విమానాన్ని కొలతల ప్రకారం చిన్నగా కట్టి రిమోట్‌తో ఎగరెయ్యడం. క్లబ్బులో ఆ మాట అనగానే కొత్తగా చేరినవాళ్ళలో సగంమంది రెండో ప్రపంచయుద్ధం నాటి స్పిట్‌ఫైర్ కడతాం అంటారు, అందం సంగతి నేనూ ఒప్పుకుంటా కానీ దాని చక్రాలు బాగా దగ్గరగా ఉంటాయి, మన గ్రౌండులో గడ్డి మీద దిగేటప్పుడు రెక్క నేలకి తగిలి ఆరు నెలల పని ఒక్క ల్యాండింగ్‌లో పోతుంది. మొదటిసారికి నా మాట విని పుష్పక్ కట్టండి. హెచ్‌ఏఎల్ వాళ్ళ చిన్న విమానం, 1958లో మొదటిసారి ఎగిరింది, అమెరికా వాళ్ళ ఏరోంకా చీఫ్ అనే విమానానికి చుట్టం లాంటిది, నూట అరవై దాకా తయారైతే ఎక్కువగా మన దేశంలో ఫ్లయింగ్ క్లబ్బులకే వెళ్ళాయి. రెక్క పైన ఉంటుంది, నెమ్మదిగా ఎగురుతుంది, తప్పు చేస్తే సర్దుకునే టైమ్ ఇస్తుంది.

లెక్క కూడా సుఖం. అసలు విమానం రెక్కల వెడల్పు 36 అడుగులు, పొడవు 21 అడుగులు, కాబట్టి ఆరో వంతు స్కేల్‌లో రెక్క 6 అడుగులు, బాడీ మూడున్నర అడుగులు, రెక్కని రెండు ముక్కలుగా ఊడదీస్తే కారు వెనక సీట్లో పట్టేస్తుంది. బరువు రెండుంపావు కిలోలు దాటనివ్వకండి, 4ఎస్ (నాలుగు సెల్స్) 3300 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ, 400 వాట్స్ పైన ఇచ్చే మోటారు, 13 అంగుళాల ప్రొపెల్లర్ చాలు.

ఇప్పుడు అసలు విషయం, ఇది గుర్తుంటే మిగతాది అదే వస్తుంది: మీరు కట్టేది "పుష్పక్" కాదు, ఫలానా ఒక్క పుష్పక్. మన దేశపు విమానాల రిజిస్ట్రేషన్‌లో వీటీ తర్వాత ఏ మూడు అక్షరాలున్నాయో ఆ ఒక్క విమానం, ఆ ఫోటోలో కనిపించిన రోజున ఎలా ఉందో అలా. బాల్సా చెక్క కొయ్యకముందే త్రీ-వ్యూ డ్రాయింగు (ముందు, పక్క, పై నుంచి చూపించేది), అదే విమానం ఫోటోలు రెండు వైపులవీ, రంగు తెలిసే కలర్ ఫోటో కనీసం ఒకటి, ఇవి ఫైల్లో ఉండాలి. నేను మొదటి పోటీకి పైపర్ కబ్ అనే విమానం మోడల్ తెచ్చాను, డ్రాయింగు దాని పాత రకం జే-3ది, అందులో ఇంజిన్ సిలిండర్లు బయటికి కనిపిస్తాయి, నా మోడల్‌కేమో తర్వాత వచ్చిన సూపర్ కబ్‌లాగా మూసిన కౌలింగ్, అంటే ఇంజిన్ తొడుగు, పెట్టాను, జడ్జి డ్రాయింగు ఒకసారి చూసి మోడల్ ఒకసారి చూసి మార్కులు తగ్గించేశారు, చాలా బాధేసింది కానీ ఆయన చేసింది న్యాయమే. పుష్పక్ ఫోటోల కోసం నెట్ ఒక్కదాన్నే నమ్ముకోకండి, ఒకప్పుడు ఫ్లయింగ్ క్లబ్బుల్లో వాటి మీద నేర్చుకున్న పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళ ఇళ్ళల్లో పాత ఆల్బమ్‌లు ఉంటాయి, వెళ్ళి మర్యాదగా అడగండి, ఫోటోతో పాటు ఆ విమానం కథ కూడా చెప్తారు.

స్టాటిక్ జడ్జింగ్‌లో, అంటే మోడల్‌ని నేల మీద పెట్టి చూసేటప్పుడు, ఒక్కో అంశానికి పదికి ఇన్ని అని మార్కులేసి, దాని విలువని బట్టి గుణిస్తారు. జడ్జి దూరం నుంచి ముందు చూసేది ఆకారమే. ముందు నుంచి చూస్తే రెక్కల పైకి వంపు, రెక్కకి ఊతంగా ఉండే స్ట్రట్ల కోణం, పక్కనుంచి చూస్తే కిటికీల గీత, తోక ఆకారం, ఇవి సరిగ్గా ఉంటే చిన్న చిన్న తప్పులు అంత బాధించవు. ఇవి తప్పితే మాత్రం లోపల డయల్స్ ఎంత అందంగా పెట్టినా లాభం లేదు.

ఫినిషింగ్ దగ్గర చాలామంది మెరిసే ఫిల్మ్ అంటించేసి అయిపోయిందంటారు. పుష్పక్ మీద ఉండేది గుడ్డ, అద్దంలా మెరిస్తే బొమ్మలా కనిపిస్తుంది. రెక్క లోపలి పక్కటెముకల మీద గుడ్డ టేపు గీతలు కనిపించాలి, అసలు టేపు రెండు అంగుళాలు అనుకుంటే మనకి 8 మిల్లీమీటర్లు, టిష్యూ పేపర్ అంత వెడల్పు పట్టీలుగా కోసి అంటించి పైన రంగు వెయ్యండి, రెండు సాయంత్రాల పని, తేడా మాత్రం చాలా ఉంటుంది. బాల్సా ఖరీదని థర్మాకోల్‌తో కడితే బ్రౌన్ పేపర్‌ని నీళ్ళు కలిపిన ఫెవికాల్‌తో అంటించి, ఆరాక ఎమల్షన్ రంగు రోలర్‌తో వెయ్యండి, స్ప్రే డబ్బా నేరుగా కొడితే థర్మాకోల్ కరిగిపోతుంది, మామూలు ఇన్‌స్టంట్ గమ్ కూడా అంతే. పైలట్ బొమ్మ మర్చిపోవద్దు, ఖాళీ సీటుతో ఎగిరే విమానం చూడ్డానికి బాగోదు.

ఎగరడం సగం పోటీ అని గుర్తుంచుకోండి, కొత్తవాళ్ళు ఎక్కువ పోగొట్టుకునేది ఇక్కడే, స్పీడు వల్ల. అసలు వేగాన్ని స్కేల్ వర్గమూలంతో భాగించాలి, ఆరో వంతైతే ఆరుకి వర్గమూలం, దాదాపు రెండున్నర, అంటే గంటకి 100 కిలోమీటర్లతో పోయే విమానం మన మోడల్‌లో 40తో పోతే నిజంలా కనిపిస్తుంది. థ్రాటిల్ మెల్లగా ఇచ్చి, కొంచెం దూరం పరిగెత్తనిచ్చి, తోక లేచాక నేల వదిలించండి. మలుపుల్లో ఎయిలరాన్‌తో (రెక్క చివరి పలక) పాటు రడ్డర్ (తోక నిలువు పలక) కూడా కలపండి, లేకపోతే ముక్కు అటు పోయి తోక ఇటు జారుతుంది. ఎనిమిది ఆకారం, దిగుతూ కొట్టే గుండ్రం, తక్కువ ఎత్తులో జడ్జీల ముందునుంచి ఒక పాస్, చక్కటి అప్రోచ్, ఇవి చాలు. లూప్ కొట్టాలని చెయ్యి దురద పెట్టినా వద్దు, పుష్పక్ అలాంటి విమానం కాదు. ప్రతి విన్యాసానికి ముందు "స్టార్ట్", అయ్యాక "ఫినిష్" అని గట్టిగా చెప్పండి.

గ్రౌండ్ సంగతి, మన మోడళ్ళు కూడా డ్రోన్ రూల్స్ 2021 కిందకే వస్తాయి, ప్రభుత్వం వాళ్ళ డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోండి, ముందుగా అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు లోపే, విమానాశ్రయానికి దగ్గరైతే ఇంకా తక్కువ.

పోటీ పెట్టేవాళ్ళకి ఒక విన్నపం, ఫ్రెండ్లీ అన్నప్పుడు మోడల్ సొంతంగా కట్టి తీరాలనే రూలు పెట్టకండి, రెడీమేడ్ కిట్లకి వేరే విభాగం ఉంచండి, ఎగరడం రానివాళ్ళ మోడల్‌ని ఇంకొకరు ఎగరెయ్యనివ్వండి, మార్కుల షీటు దాచకుండా ఇచ్చి ఎక్కడ తగ్గిందో పక్కన కూర్చుని చెప్పండి. నాకు ఆ కౌలింగ్ సంగతి చెప్పిన జడ్జి ఆ సాయంత్రమే తన దగ్గరున్న జే-3 ఫోటోలు ఇచ్చి పంపారు, తర్వాతి సంవత్సరం అదే కబ్‌ని సిలిండర్లతో మళ్ళీ తెచ్చాను.