వైన్‌ఫియర్టెల్ ద్రాక్ష కోతలకు వెళ్తున్నవాళ్లకు: మెట్ల దగ్గర ఆగండి

గత వారం ఇక్కడ ఆస్ట్రియాలో, మా పక్క ఊళ్లో తండ్రీకొడుకులిద్దరినీ అగ్నిమాపక దళం వాళ్లు వైన్ నేలమాళిగలోంచి మోసుకొచ్చారు. పీపాలో రసం ఎలా పులుస్తోందో చూసి వస్తానని తండ్రి దిగాడట. ఎంతసేపటికీ రాకపోయేసరికి కొడుకు దిగాడు. కోడలు మాత్రం దిగలేదు, పైన నిలబడి ఫోను చేసింది. ఇద్దరూ ఆసుపత్రిలో కోలుకుంటున్నారంటే కారణం అదే.

సెప్టెంబరు వచ్చిందంటే వియన్నాలో చదువుకుంటున్న మన పిల్లలు కొందరు కోతలకు వెళ్తుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఎండకు టోపీ పెట్టుకోమని, కత్తెరతో వేలు జాగ్రత్త అని, గుత్తుల్లో కందిరీగలుంటాయని నేను చెప్పను. అవి మొదటి రోజు మధ్యాహ్నానికల్లా మీకే తెలిసిపోతాయి. తోటలో జరిగే పొరపాట్లు చాలావరకు కట్టుతోనో కుట్లతోనో పోతాయి. ప్రాణం తీసేది తోట కాదు, నేలమాళిగ. అందులోనూ మొదట దిగినవాడి కంటే అతని వెనక దిగినవాడి గురించే నా భయం.

ఆ మెట్ల కింద ఏముంటుంది

వియన్నాకు ఉత్తరాన చెక్ సరిహద్దు దాకా పరుచుకున్న వైన్‌ఫియర్టెల్ ఆస్ట్రియాలోకెల్లా పెద్ద ద్రాక్ష ప్రాంతం. తోటల్లో దాదాపు సగం గ్రూనర్ వెల్ట్‌లీనర్ రకమే. పచ్చని కాయ, నాలుక చివర మిరియం తగిలినట్టుండే తెల్ల వైన్. ఆస్ట్రియా వైన్లలో డీఏసీ ముద్ర, అంటే ఆ ప్రాంతపు అసలు వైన్ అన్న గుర్తింపు, మొదట దక్కింది ఇక్కడి 2002 పంటకే. పుల్కావ్ లోయ వైపు వెళ్తే ఎర్ర రకాలు కూడా కనిపిస్తాయి: త్స్వైగెల్ట్, బ్లావర్ పోర్టుగీసర్.

ఇక్కడి నేల మంచుయుగంలో గాలి మోసుకొచ్చి పోసిన పసుపు మట్టి. పారతో తవ్వుకోవచ్చు, తవ్వితే కూలదు. అందుకే ఊరి బయట మెరకల్లోకి సొరంగాల్లా నేలమాళిగలు తవ్వుకున్నారు. ప్రతిదాని ముందూ రసం తీసే చిన్న తెల్లటి గది ఉంటుంది. అలాంటి గదులు వరసగా ఉన్న వీధిని కెల్లర్‌గాస్సె అంటారు. ఎవరూ కాపురం ఉండరు కాబట్టి దానికి పొగగొట్టాలు లేని ఊరని ముద్దుపేరు. ఫొటోలకు ఎంత బాగుంటుందో చెప్పలేను. లోపల ఏడాది పొడవునా చల్లగా ఉంటుంది. గాలి కదలదు. వైన్‌కు మేలు చేసే ఆ గుణమే పులిసే నెలలో మనిషికి చేటు.

లెక్క చూడండి. లీటరు ద్రాక్షరసం పూర్తిగా పులిసేసరికి దాదాపు 45 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే వెయ్యి లీటర్ల పీపా ఒక్కటే పదమూడడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు ఉన్న గదిని నేల నుంచి కప్పు దాకా నింపగలదు. ఆ వాయువును ఇక్కడివాళ్లు గెర్‌గాస్ అంటారు. దానికి రంగు లేదు. గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. నీళ్లలాగే పల్లానికి దిగి కూర్చుంటుంది. మీకు తగిలే తియ్యని పులుపు వాసన రసానిది, వాయువుది కాదు. కాబట్టి ముక్కును నమ్ముకోవద్దు. పనిచేసే చోట గాలిలో అది 0.5 శాతం దాటకూడదని నియమం. మూడు, నాలుగు శాతానికి తల పట్టేస్తుంది, ఆయాసం వస్తుంది. ఎనిమిది, పది శాతానికి మనిషి కూలిపోతాడు. అరవడానికి కూడా వ్యవధి ఉండదు.

రెండు మెట్లు

మూడేళ్ల క్రితం నేను కోతలకు వెళ్లిన ఇంట్లో యజమాని గొట్టం పట్టుకుని దిగుతూ సగం మెట్ల మీదే కూలిపోయాడు. తల పైకి, కాళ్లు కిందికి. చేతి దీపం ఇంకా వెలుగుతూనే ఉంది, మనిషి నిద్రపోతున్నట్టు ఉన్నాడు. ఆయన బావమరిది దృఢమైన మనిషి. ఒక్క ఉదుటున పరుగెత్తాడు. పైకి నెట్టాలంటే కింది వైపు నిలబడాలి కదా, అందుకని పడినవాణ్ణి దాటి రెండు మెట్లు దిగి కాళ్ల దగ్గర వంగాడు. మళ్లీ లేవలేదు.

మూడోవాణ్ణి నేను. అప్పటికే ఒక కాలు మెట్టు మీద పెట్టాను. యజమాని తల్లి, డెబ్బై దాటిన మనిషి, వెనక నుంచి నా చొక్కా పట్టుకుని లాగింది. గుండీ తెగి టక్ టక్ మని మెట్ల మీద దొర్లుకుంటూ కిందికి పోయింది. ఆమె అరిచినదాంట్లో ఒక్క ముక్క నాకు అర్థం కాలేదు. పట్టు మాత్రం అర్థమైంది. అక్కడ కింద ఉన్నది ఆమె కన్నకొడుకు, అయినా నన్ను దిగనివ్వలేదు. వీపున గాలి సిలిండర్లు కట్టుకున్న ఊరి అగ్నిమాపక దళం వాళ్లు వచ్చి ఇద్దరినీ పైకి తెచ్చారు. యజమాని బతికాడు. బావమరిది బతకలేదు. ఇద్దరి మధ్య తేడా రెండు మెట్లు.

ఇది మనకు తెలియని కథ కాదు. పూడిక తీయడానికి పాత బావిలోకి దిగినవాడు పలక్కపోతే, అతని కోసం ఇంకొకడు, ఆ ఇద్దరి కోసం మూడోవాడు దిగుతాడు. సెప్టిక్ ట్యాంకుల దగ్గరా ఇదే వరస. పేపర్లో చదివినప్పుడు అయ్యో అనుకుంటాం. ఎదురుగా మనవాడు పడి ఉంటే మనమూ దిగుతాం. అందుకే ముందే మనసులో నాటుకోవాలి: పడినవాడి కోసం దిగకండి.

దిగే ముందు

ఫ్యాను ముందు, మనిషి తర్వాత. స్విచ్ పైనే ఉండాలి. గాలి లాగే గొట్టం నోరు నేలకు జానెడు ఎత్తులో ఉండాలి, కప్పు దగ్గర కాదు. రెండో కొస పూర్తిగా ఆరుబయటికి పోవాలి, పక్కవాళ్ల నేలమాళిగ వాకిట్లోకి కాదు. తలుపు తెరిచి ఉంచినంత మాత్రాన లోపలి వాయువు బయటికి రాదు. గుంటలో నీళ్లు వాటంతటవే పైకి వస్తాయా?

ఇక కొవ్వొత్తి. మన బావుల్లో లాంతరు దించినట్టే ఇక్కడి పెద్దలు కొవ్వొత్తి పట్టుకుని దిగేవారు. కొందరు ఇప్పటికీ దిగుతారు. ఆరిపోతే వెనక్కి రావాలి, నిజమే. కానీ ఆరలేదు కదా అని ముందుకు పోకూడదు. మనిషి స్పృహ తప్పే మోతాదులో కూడా అది వెలుగుతూ ఉండొచ్చు. పైగా దాన్ని ఛాతీ ఎత్తున పట్టుకుంటారు, వాయువేమో మోకాళ్ల దగ్గర ఉంటుంది. వంగారో, అందులో తల ముంచినట్టే.

కొలిచే పరికరం కావాలి, అదీ కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచేదే. ఆక్సిజన్ మాత్రమే చూపేది చాలదు. గాలిలో ఈ వాయువు 5 శాతం చేరినా ఆక్సిజన్ ఇరవైకి దగ్గర్లోనే ఉంటుంది, పరికరం కిక్కురుమనదు. ఆక్సిజన్ తగ్గి మాత్రమే చావరు, ఈ వాయువు తనంతట తానే విషం.

ఇక మిగిలినవి గుర్తొచ్చిన వరసలో రాస్తున్నాను.

ఒంటరిగా దిగకండి. పైన ఒక మనిషి ఉండాలి, కదలకుండా. ఆ మనిషి పని చూడటం, ఫోను చేయడం. దిగడం కాదు.

కింద సిగ్నలు ఉండదు. జేబులో ఫోను ఉందన్న ధైర్యంతో దిగకండి.

122 అగ్నిమాపక దళం. 144 అంబులెన్స్. ఏదీ గుర్తు రాకపోతే 112. నేలమాళిగ ప్రమాదానికి ముందు 122. గాలి సిలిండర్లు ఉండేది వాళ్ల దగ్గరే.

జర్మన్ రాకపోయినా "గెర్‌గాస్, కెల్లర్" అనండి. వాళ్లకు అర్థమవుతుంది. ఊరి పేరు, వీధి పేరు కోతల మొదటి రోజే కాగితం మీద రాసుకోండి.

ముక్కుకు గుడ్డ, కరోనా నాటి మాస్కు, మందు కొట్టే మాస్కు: ఏదీ పనికిరాదు. ఇది వడగట్టే దుమ్ము కాదు.

ఊపిరి బిగబట్టి దిగి వచ్చేస్తానంటారు కొందరు. ఎనభై కిలోల మనిషిని ఊపిరి బిగబట్టి మెట్లెక్కించగలరా? పడినవాడి కోసం దిగకండి.

నడుముకు తాడు కట్టుకున్నానన్నది దిగడానికి అనుమతి కాదు. పైనున్నది ఒక్కడైతే మిమ్మల్ని లాగలేడు.

ఎర్ర రకాల తొట్టెల్లో పైకి తేలిన తొక్కను కర్రతో కిందికి నొక్కమంటారు. అంచు మీదికి వంగి నొక్కకండి. రసం మీద వాయువు మీగడలా కూర్చుని ఉంటుంది.

ఖాళీ చేసిన ట్యాంకు ఖాళీ కాదు. తొక్క తోడటానికి లోపలికి దిగమంటే దిగకండి. పని పోతే పోనివ్వండి.

బుడగలు తగ్గాయంటే వాయువు పోయిందని కాదు. నిన్న దిగి క్షేమంగా వచ్చారంటే నేడూ వస్తారని కాదు.

మోకాళ్లు సడలినట్టున్నా, కారణం లేకుండా ఆయాసం వచ్చినా, మాట పూర్తి చేయకుండా పైకి రండి.

పని అనుమతి లేకుండా, బీమాలో పేరు నమోదు కాకుండా పనిలోకి దిగకండి. ఏదైనా జరిగిన రోజు ఫోను చేయాలా వద్దా అని తటపటాయించేది అలాంటి చోటే.

పులుస్తున్న రసాన్ని స్టుర్మ్ అని గ్లాసుల్లో పోసి ఇస్తారు. పళ్లరసంలా తియ్యగా ఉంటుంది, కానీ మద్యమే. పని వేళ ముట్టకండి. ఇంటికిస్తే సీసా మూత బిగించకండి, పేలుతుంది. సంచిలో పడుకోబెట్టకండి.

మీ తోటి పనివాడికి ఈ రాత్రే చెప్పండి: నేను పడితే నువ్వు దిగకు, ఫోను చెయ్యి. అతను పడితే నేనూ అంతే చేస్తానని మాటివ్వండి.